తాతల నాటి మడత చాకు: తుప్పు, పిడి, పదును

పాత పనిముట్ల బాగుచేత మీద ఏమైనా అడగమంటే ఈసారి ఉత్తరాలన్నీ జేబు చాకుల చుట్టూనే తిరిగాయి. ఒకే సందేహం నలుగురికి ఉన్నచోట ఒక్క ప్రశ్నగా కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా తాతగారి రెండు అలుగుల చాకు బీరువా అడుగున దొరికింది. రెండు అలుగులూ తుప్పు పట్టాయి, ఒకటి తెరుచుకోవడమే లేదు. అలుగు మొదట్లో ‘రోజర్స్’ అన్న ఇంగ్లిషు పేరు, ఒక కిరీటం, దానికి అటూ ఇటూ జి, ఆర్ అక్షరాలు ఉన్నాయి. కొత్తదానిలా తళతళలాడాలంటే ఏం చేయాలి?
— తెనాలి పాఠకురాలు

జవాబు: ముందు ఆ బిగుసుకున్న అలుగు సంగతి చూద్దాం. పట్టకారుతో గోటిగాడి (అలుగు తెరవడానికి గోరు దూర్చే గాడి) దగ్గర పట్టుకుని లాగకండి. గాడి చెక్కినచోట ఉక్కు పలచగా ఉంటుంది. అలుగు తిరిగే ఇరుసు శీల దగ్గర తుప్పు పట్టేసినప్పుడు దాన్ని బలవంతంగా లాగితే విరిగేది అక్కడే.

డీజిల్ మూడు వంతులు, ఇంజిన్ ఆయిల్ ఒక వంతు కలిపి పెట్టుకోండి. చాకు మొత్తాన్ని అందులో ముంచకండి. పిడి ఎముకదైతే నూనె పీల్చుకుని పసుపు మరకలు పడతాయి, అవి మళ్ళీ పోవు. రెండు చుక్కలు అలుగుకూ పిడి లోపలివైపు ఉండే ఇత్తడి రేకుకూ మధ్య సందులో, రెండు చుక్కలు పిడి వీపున ఉండే వెన్ను స్ప్రింగుకూ అలుగు మొదలుకూ మధ్య వేసి, ఆ కొస కిందికి ఉండేలా రాత్రంతా నిలబెట్టండి. ఇలా రెండు మూడు రోజులు చేయాలి. తర్వాత తోలుముక్కతో అలుగును పట్టుకుని ఒక మిల్లీమీటరు లేపండి, మళ్ళీ మూయండి. ఎర్రటి నూనె బయటికి వస్తుంది. తుడిచి ఇంకో చుక్క వేసి మళ్ళీ ఆడించండి. నూనె తేటగా వచ్చేదాకా ఇదే పని. తొందరపడితే ఏమీ కలిసిరాదు.

మీరు చెప్పిన అక్షరాలను బట్టి, చాకు అసలుదే అయితే, అది 1910–1936 మధ్య ఐదో జార్జి కాలానిదో, 1936–1952 మధ్య ఆరో జార్జి కాలానిదో కావాలి. ఇంగ్లండులోని షెఫీల్డులో జోసెఫ్ రోజర్స్ అండ్ సన్స్ వారు 1822 నుంచి రాజుగారికి చాకులు చేసిపెట్టే హోదా పొందినవారు. వారి గుర్తు ఒక నక్షత్రం, ఒక మాల్టా శిలువ. ఆ పేరుకున్న గిరాకీ వల్ల నకళ్ళూ చాలానే పుట్టాయి. నక్షత్రం, శిలువ రెండూ కనిపిస్తున్నాయేమో భూతద్దంతో చూడండి. వాటిపై ఎమరీ పేపరు మాత్రం వేయకండి. ముద్ర అరిగిపోతే చాకు ఎవరిదో, ఎప్పటిదో చెప్పే ఆధారం మరొకటి లేదు.

ఇక తుప్పు. ఎర్రగా, పొడిపొడిగా రాలేదాన్ని తీసేయాలి. నల్లగా, నున్నగా అంటుకున్న పొరను వదిలేయాలి. ఆ నల్లపొర ఉక్కును కాపాడుతుంది, ఎర్రతుప్పు తేమను పట్టి ఉంచి లోపలికి తింటుంది. నూనె రాసిన అతి సన్నని స్టీల్ ఊలుతో, అంటే నాలుగు సున్నాల రకంతో, పొడవునా రుద్దితే చాలా మటుకు వచ్చేస్తుంది. పొలుసులు కట్టినచోట రాగి రేకు అంచుతో గీకండి. రాగి ఉక్కుకంటే మెత్తన కాబట్టి గీత పడదు. అప్పటికీ మిగిలితే చింతపండు గుజ్జు అలుగు మీద మాత్రమే పూసి పది నిమిషాలు ఉంచండి. తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగి, తుడిచి, వేడిగాలికి ఆరబెట్టి వెంటనే నూనె రాయండి. చాకునంతా నిమ్మరసంలోనో వెనిగరులోనో రాత్రంతా నానబెట్టమని చెప్పేవారుంటారు, వినకండి. పులుపు స్ప్రింగు కిందికి, ఇరుసులోకి చేరి అక్కడే ఉండిపోతుంది. బయట మెరుస్తున్న చాకు నెల తిరిగేసరికి లోపలి నుంచి తుప్పు కక్కడం మొదలుపెడుతుంది.

తుప్పు తిన్న గుంటలు పోవాలంటే అలుగు మొత్తాన్ని ఆ గుంటల లోతుకు అరగదీయాలి. వెన్ను దగ్గరే రెండు మిల్లీమీటర్లుండే అలుగులో అంత ఉక్కు వృథా చేయడం తగదు. 400, 600, 1000 నంబరు ఎమరీ పేపర్లతో, నూనెతో, ఒకే దిశలో పొడవునా తోమి ఆపేయండి. తళతళ కోసం బఫింగ్ మిషను దగ్గరికి తీసుకెళితే రెండు నష్టాలు. ముద్రల అంచులు కరిగిపోతాయి. పలచని వాదర, అంటే పదునంచు, క్షణాల్లో కాలి మెత్తబడుతుంది.

ప్రశ్న: చాకు బాగానే మడుచుకుంటోంది, అలుగు గట్టిగానే ఉంది. పిడికి ఒకవైపు ఎముక పలక పగిలి ఊడిపోయింది. మొత్తం విప్పకుండా కొత్త పలక వేయవచ్చా? దేనితో వేస్తే మంచిది?
— నెల్లూరు, మదనపల్లె, సిద్దిపేట పాఠకులు

జవాబు: విప్పకుండా వేయడమే మంచిది. పిడి కొసల్లో ఉండే లోహపు బిళ్ళలను బోల్‌స్టర్లంటారు. అలుగు తిరిగే ఇరుసు శీల వాటిలోంచే పోతుంది. దాని తలను కొట్టి, ఆకురాయితో సమం చేసి, బోల్‌స్టరులో కలిసిపోయేలా తోముతారు కాబట్టి శీల ఉన్నట్టే కనిపించదు. అక్కడ పని బాగుంటే ఆ శీల జోలికి పోవద్దు. తీస్తే దాని చుట్టూ బోల్‌స్టరుపై గుర్తు పడుతుంది, తిరిగి అంత శుభ్రంగా కలపడం చేయితిరిగినవారికే కష్టం.

అయితే ఒక చిక్కుంది. పలకలో కనిపించే శీలలన్నీ ఒక రకం కావు. కొన్ని పలకను ఇత్తడి రేకుకు బిగించేవి, అంతే. నడిమి శీల మాత్రం చాలా షెఫీల్డు చాకుల్లో పలక, రేకు, వెన్ను స్ప్రింగు, అవతలి రేకు, అవతలి పలక, అన్నిటినీ గుచ్చుకుని పోతుంది. దాన్ని తీయగానే స్ప్రింగు ఎగిసి బయటికి వస్తుంది. ఇది తెలియక తీసినవారు తిరిగి శీల దూర్చేటప్పుడు రంధ్రాలు కలవక, స్ప్రింగును సుత్తితో కొట్టి వంచేస్తారు. ఆ రంధ్రాలు కలవకపోవడం లోపం కాదు. స్ప్రింగు బిగువుగా కూర్చోవాలనే దాని రంధ్రాన్ని కొద్దిగా ఎడంగా వేస్తారు. అలుగులు మూసి, చాకును రెండు చెక్కముక్కల మధ్య వైస్‌లో పెట్టి, స్ప్రింగును రంధ్రాలు కలిసేదాకా మెల్లగా నొక్కండి. మొన సన్నగా అరగదీసిన ఉక్కు కడ్డీని ముందు దూర్చి దారి చేయండి. దాని వెనకే అసలు శీలను నెట్టుకుంటూ పోతే కడ్డీ అటు బయటికి వస్తుంది, శీల లోపల కూర్చుంటుంది.

శీలలను తీయడానికి వాటి తలను ఆకురాయితో పూర్తిగా అరగదీసి, శీల కంటే కాస్త సన్నని పంచ్‌తో అటువైపు నుంచి కొట్టండి. కింద సీసపు దిమ్మెగానీ, రంధ్రం ఉన్న చెక్కగానీ ఉండాలి. గట్టి ఇనుము మీద పెట్టి కొడితే బాగున్న రెండో పలక కూడా పగులుతుంది.

పలక దేనితో వేయాలన్నది మీ ఊరి గాలిని బట్టి కూడా చూసుకోవాలి. కర్ర తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. కోస్తాలో వానాకాలంలో బోల్‌స్టరుకు అతికి కూర్చున్న పలక అనంతపురం వేసవిలో వెంట్రుకంత సందు ఇస్తుంది. ఏడాదికి పైగా ఆరిన కర్రే వాడాలి. జిట్రేగి బాగుంటుంది. చింత చేవ, తుమ్మ చేవ గట్టివే, తేలిగ్గా దొరుకుతాయి. టేకు ముతక నారది, మూడు మిల్లీమీటర్ల పలకకు శీల దగ్గర చీలిపోతుంది. కొండపల్లి బొమ్మల పొణికి కర్ర బొమ్మకే తగినది, పిడికి మరీ మెత్తన. ఎర్రచందనం ముక్క ఎవరో ఇచ్చారని వాడకండి. కాగితాలు లేని ముక్క ఎంత చిన్నదైనా తలనొప్పే.

గేదె కొమ్ము చేతికి హాయిగా ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో కొమ్ము పని పెద్ద ఎత్తున సాగుతుంది, అక్కడి పలకలు దొరుకుతాయి. వంకర ఉంటే మరిగే నీళ్ళలో పావుగంట ఉంచి, రెండు చదును చెక్కల మధ్య బిగించి, మర్నాటి దాకా వదిలేయండి. కొమ్ముకు పురుగు పడుతుంది, ఏడాదికి రెండుసార్లు మైనం రుద్దాలి.

పాత పలక ఎముకదే అయితే ఎముకే వేయమంటాం. పశువు కాలి ఎముక గట్టిది. సన్నని సెగ మీద గంటా రెండు గంటలు ఉడికించి, లోపలి మూలుగ తీసేసి, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి, నీడలో వారం ఆరబెట్టండి. కొవ్వు మిగిలితే జిగురు పట్టదు, తర్వాత పసుపు మచ్చలు తేలతాయి. ఎముకను కోసేటప్పుడు, తోమేటప్పుడు తడిపి చేయండి, ముక్కుకు మాస్కు ఉండాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పని వరుస ఇది. పలక మందం మూడున్నర మిల్లీమీటర్లు ఉంచుకోండి, తోమేసరికి రెండున్నరకో మూడుకో వస్తుంది. ముందు పొడవు కుదరాలి. రెండు బోల్‌స్టర్ల మధ్య పలక కొసలను ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ వెలుతురుకు పట్టి చూడండి. వెలుగు కనిపించకూడదు, పలకను దూర్చడానికి కొట్టాల్సిన అవసరమూ రాకూడదు. ఒక్క గంట ఎక్కువ పట్టినా ఇక్కడే పట్టనివ్వండి. చుట్టుకొలత చివర్లో సరిచేసుకోవచ్చు గానీ ఈ అతుకు తప్పితే దిద్దుబాటు లేదు.

తర్వాత పలకను రెండువైపులా అంటుకునే టేపుతో రేకుకు అతికించి, రేకు వైపు నుంచి పాత రంధ్రాల గుండా తొలవండి. 1.6 మిల్లీమీటర్ల శీలకు 1.7 రంధ్రం వేయండి. ఎముక పగిలే చాకుల్లో ఎక్కువవాటికి కారణం ఇదే: కొట్టినప్పుడు శీల తల ఒక్కటే కాదు, ఒళ్ళంతా లావెక్కుతుంది. రంధ్రంలో చోటు లేకపోతే ఎముక చీలుతుంది. రంధ్రం పైఅంచును పెద్ద డ్రిల్ బిట్టుతో చేత్తోనే రెండు చుట్లు తిప్పి గుంట చేయండి, తల అందులో కూర్చుంటుంది.

రేకును 80 నంబరు కాగితంతో గరుకు చేసి, థిన్నరుతో తుడిచి, చిలుము లేకుండా చూసుకుని ఆరల్డైట్ పలచగా రాయండి. నిదానంగా గట్టిపడే రకం, రెండు ట్యూబులూ సమపాళ్ళు. ఐదు నిమిషాల రకం వద్దు, అది వేడికీ తేమకూ తొందరగా వదులుతుంది. స్ప్రింగుకూ అలుగుకూ ముందే మైనం పూయండి, లేకపోతే పిండుకొచ్చిన జిగురు అలుగును కూడా అతికిస్తుంది.

ఇత్తడి శీల రెండువైపులా ముప్పాతిక మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు బయటికి ఉండేలా కోయండి. ఎక్కువ ఉంటే వంగుతుంది, తక్కువైతే తల రాదు. గ్యాస్ వెల్డింగు షాపులో దొరికే ఇత్తడి కడ్డీ వాడేటట్టయితే మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చండి, లేకపోతే తల అంచులు చీలతాయి. నూటయాభై గ్రాముల గుండ్రతల సుత్తితో, శీల నడుమ కాకుండా అంచు చుట్టూ, చిన్నచిన్న దెబ్బలు వేయండి. ఒకవైపు పది, తిప్పి ఇంకోవైపు పది. నలభై యాభై దెబ్బలు పడతాయి. నాలుగు పెద్ద దెబ్బలతో ముగించాలనుకుంటే పలకకు చెల్లుచీటీ.

చుట్టుకొలత దిద్దేటప్పుడు బోల్‌స్టర్ల మీద మాస్కింగ్ టేపు వేసుకోండి. కర్రకు చివర్లో అవిసె నూనె రుద్దవచ్చు. ఆ నూనె గుడ్డను ముద్దచేసి మూల పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి ఆరేయండి, లేదా నీళ్ళలో వేయండి.

ప్రశ్న: అలుగు తెరిచినప్పుడు పక్కలకు ఊగుతోంది. మూసినప్పుడు మొన కొంచెం బయటికి కనిపిస్తూ జేబు చింపుతోంది.
— కర్నూలు పాఠకుడు

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. ఊగడానికి కారణం ఇరుసు శీల చుట్టూ రేకులు అరగడం. ఒకవైపు బోల్‌స్టరును దాగలి మీద ఆనించి, రెండోవైపు శీల ఉన్నచోట చిన్న సుత్తితో మూడు నాలుగు దెబ్బలు వేసి చూడండి. ప్రతి దెబ్బకూ తెరిచి మూయండి. శీల ఎక్కడుందో తెలియకపోతే బోల్‌స్టరు మీద నూనె తుడిచేసి అలుగును పక్కలకు ఊపండి, శీల చుట్టూ సన్నని తడి గీత తేలుతుంది. మరీ బిగిసిపోతే కంగారుపడకండి, నూనె వేసి ఓ యాభై సార్లు ఆడిస్తే సర్దుకుంటుంది. కొత్త శీలే వేయాల్సి వస్తే కూల్‌డ్రింకు డబ్బా రేకును సన్నని ముక్కగా, నడుమ చీలికతో కత్తిరించి అలుగుకూ ఇత్తడి రేకుకూ మధ్య దూర్చి, ఆ తర్వాత శీల కొట్టండి. అది దాదాపు మిల్లీమీటరులో పదో వంతు మందం. పని అయ్యాక లాగేస్తే అలుగు తిరగడానికి అంత చోటు మిగులుతుంది.

మొన బయటికి రావడం ఏళ్ళ తరబడి నూరిన ఫలితం. వాదర అరిగేకొద్దీ మొన వెన్ను వైపు జరుగుతుంది, మూసినప్పుడు పైకి తేలుతుంది. మొనను విరిచి గుండ్రం చేసే అలవాటు కొందరికుంది, అనవసరం. అలుగు మొదట్లో వాదర వైపు చిన్న బొడిపె ఉంటుంది, మూసినప్పుడు స్ప్రింగు మీద ఆనేది అదే. దాన్ని సన్నని ఆకురాయితో అరగదీస్తే మొన లోపలికి దిగుతుంది. కానీ లెక్క గుర్తుంచుకోండి. బొడిపె ఇరుసుకు 8 మిల్లీమీటర్ల దూరంలో, మొన 64 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, బొడిపె పదో వంతు మిల్లీమీటరు తగ్గితే మొన ముప్పాతిక మిల్లీమీటరుకు పైగా దిగుతుంది. రెండు తోపులు తోసి మూసి చూడండి. మితిమీరితే వాదర వెళ్ళి స్ప్రింగుకు కొట్టుకుంటుంది, మూసిన ప్రతిసారీ పదును పోతుంది. చప్పుడు కోసం అలుగును వదిలేసి టప్పున మూసేవారికీ ఇదే గతి.

ప్రశ్న: పిడి తేనెరంగులో, పారదర్శకంగా ఉంది. విడిగా దాచినా ఆ ఒక్క చాకే పదేపదే తుప్పు పడుతోంది. డబ్బా తెరిస్తే ఘాటు వాసన.
— రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: అది సెల్యులాయిడ్. పిడిని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసన వస్తుంది. దాని తయారీలో కర్పూరం కలుపుతారు మరి. వేడి సూదితో గుచ్చి పరీక్షించకండి, భగ్గున మండే సరుకు. పాతబడిన సెల్యులాయిడ్ నుంచి వచ్చే ఆవిర్లు తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లంగా మారి ఉక్కును తినేస్తాయి, ఇత్తడికి పచ్చ చిలుము పట్టిస్తాయి. మూతపెట్టిన డబ్బాలో ఇది ఇంకా వేగం. పక్కన పెట్టిన చాకులకూ అంటుతుంది. పగుళ్ళు, చెమట పట్టినట్టు జిగట కనిపిస్తే ఇక మందు లేదు, పలకలు తీసేసి కొత్తవి వేయాల్సిందే. మిషనుతో రుద్దవద్దు, ముక్కలను పొయ్యి దగ్గర ఉంచవద్దు.

ప్రశ్న: సాన పట్టించాక అంచు నీలంగా మారింది. అప్పటి నుంచి పదును రెండు రోజులు కూడా నిలవడం లేదు.
— ఖమ్మం పాఠకుడు

జవాబు: నీలం అంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలిందని లెక్క. చాకు వాదరకు గడ్డిరంగు దాటకూడదు, అది సుమారు 200 నుంచి 230 డిగ్రీలు. ఆ మేర ఉక్కు మెత్తబడిపోయింది. నీలం పొరను తోమేసినా లోపలి మెత్తదనం పోదు. నీలం అంచు వరకే ఉంటే రాతి మీద నూరుతూ ఆ భాగాన్ని అరగదీసేయండి, అవతల మంచి ఉక్కు దొరుకుతుంది. ఇకపై చేత్తోనే నూరండి. రెండు ముఖాల కార్బొరండం రాయి చాలు. అలుగు వెడల్పు 15 మిల్లీమీటర్లయితే వెన్ను రాతికి 5 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచితే ఒక్కోవైపు 20 డిగ్రీలు వస్తుంది. రాతికి నీళ్ళు వాడితే ఎప్పుడూ నీళ్ళే, నూనె వాడితే ఎప్పుడూ నూనే.

ప్రశ్న: ఫ్రాన్స్ నుంచి తెచ్చిన ఓపినెల్ చాకు వానాకాలంలో తెరుచుకోదు.
— విశాఖపట్నం పాఠకుడు

జవాబు: దాని పిడి బీచ్ కర్ర, ఇత్తడి రేకులు లేవు. తేమకు కర్ర ఉబ్బి అలుగును పట్టేస్తుంది. బిగింపు రింగును తెరిచి ఉంచి, పిడి వెనక కొసను బల్ల అంచుకు కొట్టండి, అలుగు కొద్దిగా బయటికి వస్తుంది. శాశ్వతంగా కావాలంటే పొడి రోజుల్లో గాడి లోపల, ఇరుసు దగ్గర సన్నని ఎమరీ పేపరు మడిచి రుద్ది, అవిసె నూనె పట్టించండి.

ప్రశ్న: పాత పిడి ఏనుగు దంతమా, ఎముకా ఎలా తెలుస్తుంది? దుప్పి కొమ్ముతో వేయించవచ్చా?
— నల్లగొండ పాఠకుడు

జవాబు: ఎముకలో సన్నని నల్ల చుక్కలు, గీతలు కనిపిస్తాయి, అవి రక్తనాళాల దారులు. దంతం అడ్డకోతలో ఒకదాన్నొకటి దాటే వంపు గీతలుంటాయి. దంతమని తేలితే బాగుచేయించడానికో అమ్మడానికో ఎవరి చేతికీ ఇవ్వకుండా ముందు జిల్లా అటవీ అధికారిని కలవండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. దుప్పి, కణుజు కొమ్ములూ అంతే. అడవిలో రాలి దొరికిందైనా అది ప్రభుత్వ ఆస్తి. ఒకప్పుడు షెఫీల్డు చాకులకు మన కణుజు కొమ్ములే వెళ్ళేవన్నది నిజమే గానీ ఆ రోజులు వేరు.

ప్రశ్న: ఇరుసుకు కొబ్బరినూనె వేయవచ్చా?
— అమలాపురం పాఠకురాలు

జవాబు: వద్దు. 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, పాతబడితే జిగటవుతుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. పండ్లు కోసే చాకైతే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ వేయండి. మామిడికాయ కోశాక అలుగు నల్లబడితే భయపడకండి. అది కార్బన్ ఉక్కని అర్థం. కడిగి, తుడిచి, ఆ నలుపును అలాగే ఉంచండి.